ప్రోబు తప్పు లెక్క చెబుతోందా? కరెంటుకూ, కబురుకూ గోడ కట్టాలి

రొయ్యల రైతులకు, గట్టు మీద వైరింగు చేసేవారికి ఒక పాఠం

రొయ్యల చెరువు గట్ల మీదకు సెన్సర్లు వచ్చాయి. నీటిలో కరిగిన ప్రాణవాయువు, అంటే మన రైతులు డీఓ అని పిలిచేది, పీహెచ్, ఉప్పదనం... వీటిని రాత్రీ పగలూ కొలిచి షెడ్డులో ఉన్న కంట్రోలు డబ్బాకు చేరవేయడం వీటి పని. కొన్నిచోట్ల డీఓ తగ్గగానే ఆ డబ్బాయే ఏరియేటర్లను ఆన్ చేస్తుంది. ఇంతవరకు బాగానే వుంది. అయితే వాడినవారి నోట వినిపించే ఫిర్యాదు ఒకటుంది. "షాపులో చూపించినప్పుడు సరిగ్గానే చెప్పిందండీ. చెరువులో దించాక పిచ్చి లెక్కలు చెబుతోంది. ఏరియేటరు వేస్తే ఒకటి, ఆపితే ఇంకొకటి."

ప్రోబు పాడైపోయిందనుకుని కొత్తది కొంటారు. అదీ అంతే. ఇలాంటప్పుడు తప్పు ప్రోబులో వుండకపోవచ్చు. ప్రోబుకు కరెంటు ఇచ్చే తీగల్లోనూ, అది చెప్పిన కబురును మోసే తీగల్లోనూ వుండవచ్చు. దీనికి మందు ఒకటే. నీటివైపు వున్న సర్క్యూటుకూ, షెడ్డువైపు వున్న సర్క్యూటుకూ మధ్య ఒక్క రాగితీగ కూడా నేరుగా కలవకుండా చేయాలి. ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు దీన్ని ఐసొలేషన్ అంటారు. మనం గోడ అనుకుందాం.

తప్పు లెక్కకు ఖరీదెంత?

పగటిపూట ఎండలో నీటిలోని నాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున డీఓ అన్నిటికన్నా తక్కువగా వుంటుంది. వెనామీ రొయ్యకు 4 పీపీఎం, అంతకు పైన వుంటే మంచిది. 3 కంటే తగ్గితే మేత తినదు, నీరసిస్తుంది, రోగాలకు లొంగుతుంది. ఇంకా తగ్గితే చనిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. తెల్లవారుజామున మూడు గంటలకు చెరువులో నిజంగా వున్నది 2.5. తప్పుగా చెప్పే ప్రోబు 5 అంటోంది. డబ్బా ఆ మాట నమ్మి ఏరియేటర్లు వేయదు. కాపలా మనిషి కూడా డబ్బా వుందిగదా అని పడుకుంటాడు. తెల్లారేసరికి రొయ్యలు గట్టు పక్కకు చేరి వుంటాయి. మూడు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

పీహెచ్ సంగతి చూద్దాం. గాజు పీహెచ్ ప్రోబు ఒక్క పీహెచ్ తేడాకు, 25 డిగ్రీల వేడి దగ్గర, ఇచ్చే విద్యుత్తు సుమారు 59 మిల్లీవోల్టులే. వోల్టులో పదోవంతు కూడా కాదు. బయటి నుంచి 30 మిల్లీవోల్టుల దొంగ కరెంటు కలిస్తే చాలు, లెక్క అర పాయింటు తప్పుతుంది. అసలు 8.0 వున్న నీరు 7.5 అని కనబడుతుంది. రైతు అవసరం లేని సున్నం చల్లుతాడు.

చెరువే రెండో తీగ

దొంగ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ పాఠంలో అసలు విషయం ఇదే. నెమ్మదిగా చదవండి.

కరెంటు పారాలంటే పోయే దారి ఒకటి, తిరిగివచ్చే దారి ఒకటి కావాలి. రెండు దారులూ కలిస్తే వలయం. ప్రోబు మైనస్ తీగ షెడ్డులోని అడాప్టరుకు పోతుంది. అక్కడి నుంచి కంట్రోలు డబ్బాకు, డబ్బాలోంచి ఎర్తుకు ఏదో ఒకచోట కలుస్తుంది. కంప్యూటరు తగిలించినా కలుస్తుంది. ఇది ఒక దారి. ఇక రెండోది చెరువు. చెరువు నీళ్ళలో ఉప్పు వుంది కాబట్టి కరెంటును బాగా మోస్తుంది. ఆ నీరు నేల మీదే వుంది. ఏరియేటరు మోటార్ల బాడీలు ఎర్తు అయ్యేదీ ఆ నేలకే. కేబులు అతుకు ఎక్కడైనా తడిసినా, మోటారు వైండింగు ఇన్సులేషను వయసైపోయినా కొద్దిపాటి కరెంటు నీళ్ళలోకి కారుతుంది. ఆ కరెంటుకు నీటిలో వున్న ప్రోబు, దాని మైనస్ తీగ ఒక సందుదారిలా దొరుకుతాయి.

అంటే మనం వేసిన తీగ ఒకటే అయినా, చెరువే రెండో తీగ అయి కూర్చుంటుంది. బల్ల మీద గ్లాసులో పెట్టి చూపినప్పుడు ఈ రెండో తీగ లేదు. అందుకే షాపులో సరిగ్గా చెప్పిన ప్రోబు చెరువులో తప్పుతుంది.

ఇంకొక కారణం కూడా వుంది. ఒకే చెరువులో రెండు ప్రోబులు దించి, రెండింటి మైనస్ తీగలను ఒకేచోట కలుపుతారు. ఉప్పదనం కొలిచే ప్రోబు నీటిలోకి తనంతట తాను కొద్దిపాటి ఏసీ కరెంటు పంపి కొలుస్తుంది. పక్కన వున్న పీహెచ్ ప్రోబు దాన్ని అందుకుంటుంది. గాజు ప్రోబు లోపలి నిరోధం కోట్ల ఓములలో వుంటుంది కనుక దాని గొంతు చాలా చిన్నది. పక్కన ఎవరు కొంచెం గట్టిగా మాట్లాడినా దాని మాట వినబడదు. ఏరియేటరు అసలు వేయకపోయినా ఈ తగాదా వుంటుంది.

"మా అడాప్టరులో ట్రాన్స్‌ఫార్మర్ వుందిగదా, గోడ అదే గదా" అని అడగవచ్చు. ఫోను చార్జింగులో వుండగా దాని లోహపు అంచు తాకితే వేళ్ళకు జిలజిలమనడం చాలామందికి అనుభవమే. చార్జరు లోపల కరెంటు వచ్చేవైపుకూ, ఇచ్చేవైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటరు పెడతారు. ఆ జిలజిల దాని గుండా వచ్చే లీకేజీ. మనిషికి జిలజిల అనిపించేది ప్రోబుకు పెద్ద పిడుగుతో సమానం. కాబట్టి అడాప్టరులోని గోడ ఒక్కటీ చాలదు.

ముందు బకెట్టు పరీక్ష

డబ్బు ఖర్చు పెట్టేముందు రోగం ఇదేనో కాదో తేల్చుకోవాలి. ఈ పరీక్షకు పీహెచ్ ప్రోబు మేలు. డీఓ అయితే నీళ్ళు తోడేటప్పుడే మారిపోతుంది.

1. పీహెచ్ 7 బఫర్ ద్రావణం ప్లాస్టిక్ గ్లాసులో పోసి ప్రోబు ముంచండి. 7 దగ్గర చూపితే ప్రోబు మంచిదే.

2. చెరువు నీళ్ళు ప్లాస్టిక్ బకెట్టులో తోడి, బకెట్టును ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టండి. అందులో ఒక్క పీహెచ్ ప్రోబునే ముంచి అంకె రాసుకోండి.

3. వెంటనే అదే ప్రోబును, నీళ్ళు తోడిన చోటే చెరువులో దించండి. అంకె రాసుకోండి. చెరువులోకి దిగవద్దు, చెక్కబల్ల మీద నుంచే చేయండి.

4. ఏరియేటర్లు ఒక్కొక్కటీ వేసి, ఆపి, అంకెలు చూడండి. తర్వాత మిగిలిన ప్రోబులు ఒక్కొక్కటీ దించి చూడండి.

బకెట్టులో ఒక అంకె, అదే నీటికి చెరువులో ఇంకొక అంకె వస్తే రోగం తీగలదే. ఏదో ఒక ఏరియేటరు వేసినప్పుడే అంకె ఎగిరిపడితే ఆ మోటారును, దాని కేబులును అనుమానించాలి. ఇలా జరిగినప్పుడు మెయిన్ ఆపకుండా ఎవరూ నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెగ్గర్‌తో ఆ మోటారు ఇన్సులేషను చూపించాలి. ప్రోబు గోల దాని తర్వాత.

గోడ ఎలా పనిచేస్తుంది?

తీగ కలవకుండా కరెంటు ఎలా దాటుతుంది? మైకేల్ ఫారడే 1831లోనే ఈ దారి చూపాడు. ఇనుప చుట్టు మీద రెండు తీగచుట్లు వేరువేరుగా చుట్టి, ఒకదానిలో కరెంటు మారితే రెండోదానిలో కరెంటు పుడుతుందని కనిపెట్టాడు. రెండూ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో దాటేది అయస్కాంత బలం. మన వూరి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఇలాగే. సెన్సర్ల కోసం ఇదే సూత్రంతో గోరంత డబ్బాలు దొరుకుతున్నాయి. వాటిని ఐసొలేటెడ్ డీసీ-డీసీ కన్వర్టర్ అంటారు. ఒకవైపు 5 వోల్టులు ఇస్తే రెండోవైపు వేరే 5 వోల్టులు వస్తాయి. రెండువైపుల మైనస్‌లకు ఏ సంబంధమూ వుండదు.

ఇక కబురు. రాత్రిపూట కాలవ అవతల గట్టున వున్న మనిషికి ఇవతలి నుంచి టార్చిలైటు వేసి సైగ చేస్తాం. కబురు చేరుతుంది, కాలు తడవదు. ఆప్టోకప్లర్ అనే చిన్న చిప్పులో జరిగేది ఇదే. ఒకవైపు ఎల్ఈడీ వెలుగుతుంది, ఎదురుగా వున్న ట్రాన్సిస్టరు ఆ వెలుగు చూసి స్విచ్చులా పనిచేస్తుంది. డిజిటల్ ఐసొలేటర్ అనే చిప్పుల్లో వెలుగుకు బదులు అతిచిన్న తీగచుట్లో, కెపాసిటర్లో వుంటాయి. ఇవి ఆప్టోకప్లర్ల కన్నా వేగంగా పనిచేస్తాయి.

రెంటికీ కట్టాలి, సగం గోడ వద్దు

చాలాచోట్ల కబురు తీగలకు ఆప్టోకప్లర్ పెట్టి, ప్రోబుకు కరెంటు మాత్రం షెడ్డు అడాప్టరు నుంచే ఇస్తారు. ఇంకొందరు కరెంటుకు కన్వర్టరు పెట్టి కబురు తీగల గ్రౌండును నేరుగా కలుపుతారు. రెండూ దండగే. చెరువే రెండో తీగ అని చెప్పుకున్నాం గదా. ఇటు ఒక్క మైనస్ తీగ కలిసివున్నా వలయం పూర్తవుతుంది. నాలుగు పక్కలా కంచె వేసి గేటు తీసిపెట్టినట్టే.

గోడ ఏ చోట కట్టాలన్నది కూడా ముఖ్యం. ప్రోబు ఇచ్చే బలహీనమైన మిల్లీవోల్టులను అలాగే దాటించాలని చూడకూడదు. కళ్ళంలో ధాన్యం తూకం వేసి, చీటీ రాసి మిల్లుకు పంపినట్టు చేయాలి. ప్రోబు దగ్గరే యాంప్లిఫయరు, దాని పక్కనే కొలతను అంకెలుగా మార్చే ఏడీసీ వుండాలి. అంకెలుగా మారిన తర్వాతే గోడ దాటాలి. అంకెలు దారిలో చెడవు, మిల్లీవోల్టులు చెడతాయి.

ఏమేం కావాలి?

సొంతంగా తయారుచేసుకునేవారికి, కుర్రాళ్ళచేత చేయించుకునేవారికి లెక్క ఇది. ప్రతి ప్రోబుకూ ఒక సెట్టు. రెండు ప్రోబులకు కలిపి ఒకే గోడ కడితే షెడ్డు బెడద పోతుంది గానీ ప్రోబుల మధ్య తగాదా తీరదు.

కరెంటుకు: బి 0505 రకం 1 వాట్ కన్వర్టరు. 5 వోల్టులకు 5 వోల్టులు, 200 మిల్లీఆంపుల దాకా ఇస్తుంది. ఇందులో వోల్టేజీని నిలకడగా పట్టే ఏర్పాటు వుండదు. లోడు మరీ తక్కువైతే వోల్టేజీ పెరుగుతుంది. అందుకే కనీసం పదోవంతు, అంటే 20 మిల్లీఆంపుల లోడు వుండేలా చూడాలి. ప్రోబు బోర్డు అంత తినకపోతే అవుట్‌పుట్‌లో 220 ఓముల పావు వాట్ రెసిస్టరు ఒకటి వేస్తే సరిపోతుంది. రెండువైపులా ఫిల్టరు కెపాసిటర్లు తప్పక పెట్టాలి. ఎంత విలువ అన్నది ఆ కన్వర్టరు తయారీదారు ఇచ్చిన కాగితం చూసి వేయాలి.

కబురుకు: పోయే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి వుండే సీరియల్ పద్ధతి అయితే పీసీ 817 ఆప్టోకప్లర్లు రెండు, దారికి ఒకటి చొప్పున. 9600 వేగానికి మామూలుగా సరిపోతాయి. అంతకు బాగా ఎక్కువ వేగం కావాలంటే 6ఎన్ 137 గానీ, ఏడీయూఎం 1201 గానీ వాడాలి. ఎల్ఈడీ వైపు 5 వోల్టులకు 330 ఓముల రెసిస్టరు వేస్తే సుమారు 11 మిల్లీఆంపులు పోతాయి. ఆప్టోకప్లరును కట్టిన తీరును బట్టి సంకేతం తలకిందులు కావచ్చు. అది చూసుకోవాలి.

ఐ-స్క్వేర్డ్-సి పద్ధతి అయితే జాగ్రత్త. అందులో ఒకే తీగ మీద రాకా పోకా రెండూ జరుగుతాయి. మామూలు ఆప్టోకప్లరును తీగకొకటి పెడితే పనిచేయదు. దానికోసమే చేసిన ఏడీయూఎం 1250 గానీ, ఐఎస్ఓ 1540 గానీ వాడాలి. ఈ చిప్పులకు రెండువైపులా వేరువేరు కరెంటు కావాలి. నీటివైపు కరెంటు మనం పెట్టిన కన్వర్టరు నుంచే రావాలి.

గోడకు పడే చిల్లులు

పరికరాలు మంచివే కొన్నా బిగింపులో గోడకు చిల్లు పడుతుంది. మామూలుగా పడే చిల్లులివి:

- బోర్డు మీద ఐసొలేటరు చిప్పు కింద నుంచి రాగి పట్టీ పోనివ్వడం. చిప్పు రెండు వరసల కాళ్ళ మధ్య ఎంత ఎడం వుందో అంత ఎడం బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా వుండాలి.

- రెండువైపుల గ్రౌండులను ఒకే ఇనుప డబ్బాకు బిగించడం. ప్లాస్టిక్ డబ్బా వాడండి.

- ప్రోగ్రాము ఎక్కించడానికి నీటివైపు బోర్డుకు ల్యాప్‌టాప్ తగిలించి, చార్జరుతో సహా అలాగే వదిలేయడం. ఆ తీగ వున్నంతసేపూ గోడ లేనట్టే.

- కేబులు మీది జల్లెడ తీగను రెండు చివరలా ఎర్తు చేయడం. షెడ్డువైపు ఒక్క చివరే చేయాలి.

- బోర్డు మీద తేమ, ఉప్పు పేరుకోవడం. ఉప్పుగాలి వీచే చోట తడి దుమ్మే తీగ అవుతుంది. డబ్బా మూతకు రబ్బరు వాషరు, బోర్డుకు వార్నిష్ పూత వుండాలి.

బిగించాక ఒక పరీక్ష చేయండి. మొత్తం కరెంటు తీసేయండి. ప్రోబును నీళ్ళలోంచి తీసి తుడవండి. మల్టీమీటరును ఓముల మీద పెట్టి, నీటివైపు మైనస్‌కూ షెడ్డువైపు మైనస్‌కూ మధ్య చూడండి. మీటరు ఏ అంకే చూపకూడదు. ప్లస్‌కూ ప్లస్‌కూ మధ్య కూడా అంతే. అంకె చూపిందంటే చిల్లు ఎక్కడో వుంది. ఆ తర్వాత బకెట్టు పరీక్ష మళ్ళీ చేయండి. బకెట్టులో, చెరువులో అంకెలు కలిస్తే గోడ నిలబడినట్టే.

గట్టు దూరమైతే

చెరువుకూ షెడ్డుకూ మధ్య వందల మీటర్లు వుంటే ఆర్ఎస్ 485 పద్ధతి వాడతారు. మెలితిప్పిన జంట తీగ మీద, వేగం తక్కువ పెట్టుకుంటే, 1200 మీటర్ల దాకా కబురు పోతుంది. కానీ రెండు చివరల గ్రౌండుల మధ్య తేడా వుంటే ఇది తట్టుకునేది మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల వరకే. ఒక చెరువు ఎర్తుకూ ఇంకో షెడ్డు ఎర్తుకూ మధ్య, లీకేజీ వున్నప్పుడు, అంతకు మించిన తేడా రావచ్చు. అప్పుడు చిప్పులు కాలతాయి. మ్యాక్స్ 485 చిప్పులో గోడ లేదు. ఏడీఎం 2582ఈ వంటి చిప్పులో కబురుకూ, కరెంటుకూ రెండింటికీ గోడ లోపలే వుంటుంది. ధర ఎక్కువే గానీ పని తేలిక.

ఇంకొక దారి చెరువు దగ్గరే చిన్న సోలారు పలక, బ్యాటరీ పెట్టి, కబురును రేడియో ద్వారా పంపడం. షెడ్డుకు తీగే లేదు కాబట్టి ఆ వైపు గోడ దానంతటదే వచ్చేస్తుంది. అయితే ఒకే బ్యాటరీ మీద రెండు ప్రోబులు వుంటే వాటి మధ్య గోడ మాత్రం కట్టుకోవాల్సిందే. దీన్ని మరచిపోవద్దు.

ఇది షాకుకు మందు కాదు

ఇది అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలి. గోడ కట్టాక ప్రోబు అంకె సరిగ్గా వస్తుంది. కానీ నీళ్ళలోకి కారే కరెంటు ఆగదు. కారుతున్న సంగతి ప్రోబు మనకు చెప్పడం మాత్రం ఆగుతుంది. అంకె ఎగరడం ఒక రకంగా హెచ్చరిక. ఆ హెచ్చరికను మూసేముందే లీకేజీని పట్టుకుని బాగుచేయించాలి. మేత చల్లేవాడు, వల లాగేవాడు దిగేది ఆ నీళ్ళలోకే.

ప్రతి మోటారు బాడీకీ ఎర్తు వుండాలి. లీకేజీ రాగానే కరెంటు తెంపే ఆర్‌సీసీబీ వుండాలి. మనిషి ప్రాణానికి కాపలా కాసేది 30 మిల్లీఆంపుల రకం. దాని మీద వున్న టెస్ట్ బటన్ నొక్కి అప్పుడప్పుడు పనిచేస్తోందో లేదో చూడాలి. ఎవరు నీళ్ళలోకి దిగినా ముందు ఏరియేటర్ల మెయిన్ తీయాలి. 1 వాట్ కన్వర్టరు గోడ సెన్సరు సంకేతాల కోసమే. 230 వోల్టుల నుంచి మనిషిని కాపాడే గోడ అని దాన్ని నమ్మకూడదు. పిడుగు పడితే అదీ ఆగదు, దానికి సర్జ్ అరెస్టరు వేరే పెట్టాలి.

కొనేముందు అడగండి

తయారుగా వున్న సెట్టు కొనే రైతులు డీలరును ఈ నాలుగు ప్రశ్నలు అడగాలి. ప్రతి ప్రోబుకూ వేరే ఐసొలేషన్ వుందా, అన్నిటికీ కలిపి ఒకటేనా? కరెంటుకు, కబురుకు రెండింటికీ వుందా? ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందని కాగితం మీద రాసి ఇస్తారా? ఏరియేటర్లు అన్నీ తిరుగుతుండగా మా చెరువులోనే బకెట్టు పరీక్ష చేసి చూపిస్తారా?

నాలుగో ప్రశ్నకు "చూపిస్తాం రండి" అన్నవారి దగ్గరే కొనండి. గ్లాసులో చూపించి అమ్మేవారిని చెరువు దాకా రమ్మనండి. ఇప్పటికే సెన్సర్లు పెట్టుకున్నవారు బకెట్టు పరీక్ష చేసి, గోడ సంగతి తేలేదాకా రాత్రి కాపలా మాన్పించవద్దు. డబ్బా ఏం చెప్పినా, తెల్లవారుజామున మూడింటికి చేతి మీటరుతో ఒకసారి డీఓ చూడటం మానవద్దు.